నిమ్మళంగా చూసే కంప్యూటర్

భువనగిరి బస్టాండు ఎదురుగా ఒక కంప్యూటర్ జాతకాల దుకాణం ఉండేది. రాసిన వార్తల కవరును హైదరాబాద్ బస్సులో వేసి పత్రికకు పంపడం అప్పట్లో నా రోజువారీ పని. బస్సు వచ్చేదాకా ఆ దుకాణంలోనే కూర్చునేవాణ్ణి. యజమాని అంతకుముందు టైపు నేర్పేవాడు. నేర్చుకునేవాళ్లు తగ్గిపోయాక జాతకాల్లోకి దిగాడు.

అతని మొదటి కంప్యూటరు డాస్ మీద నడిచేది. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు. పుట్టిన రోజు, వేళ, ఊరు కొట్టి ఎంటర్ నొక్కితే గురగురమంటూ ఆలోచనలో పడేది. వచ్చినవాళ్లు బయటికి వెళ్లి చాయ్ తాగి వచ్చినా ఇంకా తేలేది కాదు. ఒక వానాకాలం పిడుగుకు అది కాలిపోయింది. అతను విండోస్ ఉన్న కొత్తది తెచ్చాడు. తెర నిండా నీలాకాశం, మేఘాలు. జాతకాల ప్రోగ్రాం మాత్రం పాతదే. కానీ ఇప్పుడు ఎంటర్ మీద నుంచి వేలు తీసేలోపే ప్రింటర్ గీకడం మొదలుపెట్టేది.

అప్పటినుంచి జనం రావడం తగ్గింది. ఎందుకో మాకు అంతుపట్టలేదు. చివరికి గొర్ల మందలున్న ఒక పెద్దాయన కొడుకు సంబంధం కోసం వచ్చి ఆ సంగతి చెప్పాడు. చుట్టుపక్కల ఊళ్లు ఆయన మాట మీద నడిచేవి.

"పోరడు పుట్టిన టైం చెప్పి నేను నోరు మూయకముందే అచ్చుగొట్టినవ్. ఎప్పుడు జూసినవ్ బిడ్డా?"

"కొత్త మిషన్ పెద్దయ్యా. జల్ది చూస్తది."

"గొర్రెను కొనాల్నంటేనే పండ్లు జూస్తం, నడుం పట్టి జూస్తం. తొమ్మిది గ్రహాలను గింత జల్ది జూస్తదా? రేపొస్త. సరిగ్గ జూడు. లేకుంటే ఇంకో జాగల చూపిచ్చుకుంట."

కాగితం ముట్టకుండానే లేచిపోయాడు.

"ఆయన పోతే ఊర్లన్ని పోతయన్నా. ఇగ షట్టర్ గుంజుడే," అని యజమాని తల పట్టుకున్నాడు. కాసేపటికి బీరువా మీదినుంచి ఫ్లాపీల డబ్బా దించాడు. "దీంట్ల పాత డాస్ పెడ్త. ప్రోగ్రాం గూడ ఫ్లాపీ మీదికెల్లే నడుపుత. ఎట్ల ఉరుకుతదో జూస్త."

"విండోస్ పెట్టుకొని డాసేంది తమ్మీ, నవ్వుతరు."

"నవ్వెటోనివి నువ్వొక్కనివేనన్నా."

మర్నాడు పెద్దాయన వచ్చాడు. ఫ్లాపీ పెట్టి స్విచ్చి వేస్తే మేఘాలు రాలేదు, నల్లటి తెర వచ్చింది. పెద్దాయన స్టూలు జరుపుకొని కంప్యూటరు డబ్బాకు చెవి ఆనించాడు. లోపల ఫ్లాపీ కరకరమన్నప్పుడల్లా తల ఊపాడు. నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

అంతలో చప్పుడు ఆగిపోయింది. తెర మీద ఇంగ్లీషు మాటలు వెలిగాయి. అబార్ట్, రీట్రై, ఫెయిల్. ఫ్లాపీ పాతబడి ఎక్కడో చదవడం కుదరక ఆగిందన్నమాట. యజమాని మొహం పాలిపోయింది.

"ఏమంటాంది?" అన్నాడు పెద్దాయన.

యజమాని నావైపు చూశాడు. నేను పేపరు దించలేదు.

"ఇడ్సిపెట్టాల్నా, మళ్ల చూడాల్నా అని అడుగుతాంది," అన్నాడు అతను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

పెద్దాయన మొహం విప్పారింది. "మంచిగ అడిగింది. మళ్ల జూడుమను. మాకేం తొందర లేదు."

యజమాని మీట నొక్కాడు. అదృష్టం బాగుండి ఫ్లాపీ కదిలింది. చాలాసేపటికి, నిన్నటి ఫలితాలే అక్షరం తేడా లేకుండా అచ్చయ్యాయి. పెద్దాయన ఆ కాగితాలను మడిచి రుమాలు కొసన కట్టుకున్నాడు. "గిది జూసినట్టున్నది," అన్నాడు.

కొద్దిరోజుల్లోనే దుకాణం బెంచీ నిండింది. మళ్లీ గండం ఎందుకని యజమాని ఆ ప్రోగ్రాంను కొత్త ఫ్లాపీలోకి ఎక్కించాడు. అది నిదానంగానే నడిచేది, ఎక్కడా ఆగేది కాదు. ఒకరోజు కూతురి జాతకం చూపించుకున్న ఒకామె కాగితం తీసుకోకుండా కూర్చుంది.

"గొర్ల పెద్దయ్య కొడుక్కైతే మళ్ల చూడాల్నా అని అడిగిందంట. నా బిడ్డకు అడగకపాయె. ఆడపిల్లంటే గంత అల్కగున్నదా దీనికి?"

యజమాని కొత్త ఫ్లాపీ బయటికి తీసి, చెడిపోయినదాన్ని లోపలికి తోశాడు.