ఏ చెరువు ఎర ఆ చెరువుకే

పాల్మాకుల దాటి హైవే దిగి, మట్టిబాట పట్టుకుని పోతే ఒక చెరువు వచ్చేది. అక్కడి మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు కాబట్టి దాని పేరు రాయను. కొత్త విమానాశ్రయం తెరిచిన మరుసటి ఏడాది మేము శంషాబాద్‌లో అద్దెకు దిగాం. మా ఆయనకు సరుకు విమానాల దగ్గర ఉద్యోగం, నాకు కొత్తూరులో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో. ఆదివారం ఆయన రాత్రి షిఫ్టు దిగి వచ్చి పడుకుంటే సాయంత్రానికి గాని లేచేవారు కాదు. నేను స్కూటీకి గాలపు కర్ర కట్టుకుని ఆ చెరువుకు పోయేదాన్ని. కృష్ణా జిల్లాలో కాలవ గట్టున పుట్టిన పిల్లని. గాలం వెయ్యడం నాకు జడ వేసుకోవడం కంటే ముందు వచ్చింది.

మొదటి ఆదివారమే ఒకావిడ నా బకెట్ పట్టుకుంది. యాభై దాటిన మనిషి, చీర కుచ్చిళ్ళు పైకి దోపి, చేతిలో వెదురు బద్దతో తూము పక్క రేకుల గుడిసెలోంచి వచ్చింది. చెరువు చేపల సంఘానికి కాపలా మనిషట. ఆవిడ భర్తే సంఘం పెద్ద.

"ఏందమ్మా, బకెట్ల?"

"వానపాములండీ. ఎరకి."

"ఏడికెళ్లి తెచ్చినవ్?"

"మా ఇంటి వెనక తవ్వాను."

ఆవిడ వెదురు బద్దతో మట్టిని అడుగుదాకా కెలికి చూసింది. వానపాములు తప్ప ఏమీ లేవు. అయినా నా ముఖం వంకే చూస్తూ చెప్పింది. "ఐతారం ఐతారం గాలం ఏసుకో, మా సంఘం వద్దనదు. కానీ బతికున్న చేపను బయటికెళ్లి తెచ్చి ఎర పెట్టొద్దు. ఈ నీళ్ల ఎర ఈ నీళ్లకే. మిగిలితే ఏడ పట్టినవో ఆడనే ఇడువు. కప్ప పెట్టొద్దు. మత్తడి దుంకే దినాలల్ల మత్తడి కాడ కూసోవద్దు. పోయేటప్పుడు ఏం పట్టినవో నాకు సూపియ్యాలె."

మత్తడి అంటే నిండిన చెరువు పొర్లిపోయే గట్టు. వానాకాలంలో గుడ్లు పెట్టే చేపలు ఆ పారే నీటికి ఎదురెక్కుతాయి. ఆ నియమం నాకు అర్థమైంది. మిగతావి కూడా న్యాయమే. కానీ చెప్పిన తీరులో నేను దొంగనని ముందే తేల్చేసినట్టుంది.

ఆ చెరువులో నాకు కావలసింది వాలుగ. వాలుగకు వానపాము చాలదు, బతికున్న చిన్నచేప కావాలి. మేము పరిగెలంటాం, అక్కడ పరకలంటారు. పొద్దున్నే అన్నం మెతుకులు వేసి గుడ్డతో పట్టుకునేదాన్ని. పట్టినవన్నీ ఎరకు పనికిరావు. పొలుసు రాలినది వద్దు, బకెట్‌లో పక్కకి ఒరిగి ఈదేది వద్దు. చెయ్యి దగ్గరకు తెస్తే అడుగుకు దూసుకుపోయేదాన్ని ఎంచుకోవాలి. వెన్ను రెక్క వెనకాల తోలు కిందనుంచి మాత్రమే గాలం గుచ్చాలి. ముల్లు తగిలితే అది కాసేపట్లో చస్తుంది, చచ్చినదాన్ని వాలుగ ముట్టదు. నేను ఎంచుతుంటే ఆవిడ దూరంగా నిలబడి చూసేది. ఏమీ అనేది కాదు. అననందుకు నాకు మరింత అనుమానంగా ఉండేది.

ఆవిడ అనుమానం ఎరతో ఆగలేదు. ఒకరోజు నా పక్కనే గట్టు మీద కూర్చుని అడిగింది. "ఇటు రోడ్డు గిట్ల పడ్తున్నదా?"

"నాకేం తెలుసండీ?"

"మీ ఆయన విమానాల కాడ పనంటివి గద. భూములు సూడనీకొచ్చేటోళ్లు గూడ గిట్లనే కూసుంటరు. ఒగడు పక్షుల ఫొటోలు తీస్తన్నని వచ్చిండు. ఆర్నెల్లకు ఆ చెల్కంత ప్లాట్లైంది."

నాకు కోపం వచ్చింది. కానీ చుట్టూ చూస్తే ఆవిడను తప్పు పట్టడం కష్టం. చెరువుకు ఒకవైపు అప్పుడే తెల్ల రంగు వేసిన హద్దురాళ్ళు లైను కట్టి ఉన్నాయి. నా మాట తీరు వినగానే ఎక్కడినుంచి వచ్చానో ఎవరికైనా తెలిసిపోతుంది. ఆ రోజుల్లో మా ప్రాంతపు యాస వింటే అక్కడి మనుషులు ఒక క్షణం ఆగి చూసేవారు. ఆవిడ ఆ క్షణాన్ని దాచుకోలేదు, అంతే.

రెండో ఏడాది వానలు వెనకబట్టాక పరకలు రావడం మానేశాయి. మెతుకులు వేస్తే నీళ్ళు కదలవు. గుడ్డ ఎత్తితే నాచు తప్ప ఏమీ ఉండదు. సంఘం వలల్లో కూడా చిన్నచేప తగ్గిందని గట్టు మీద మాట్లాడుకున్నారు. ఆవిడ తనిఖీ ముదిరింది. బకెట్ చూసి ఊరుకోకుండా నా స్కూటీ డిక్కీ కూడా తెరవమంది. తెరిచాను. లోపల రెయిన్‌కోటూ, అన్నం డబ్బా. డబ్బా మూత కూడా తీయించింది.

అదే నెలలో ఒక మధ్యాహ్నం మంచినీళ్ళకని ఆవిడ గుడిసెకు వెళ్ళాను. ఆవిడ లేదు. గుడిసె వెనక సిమెంటు గోలెం ఒకటుంది, దాని మీద పాత వల పరిచి చుట్టూ రాళ్ళు పెట్టి ఉంది. లోపల నీళ్ళు ఒక్కసారి ఎగిరిపడ్డాయి. వంగి చూశాను. చాపలా చదునైన తల, మీసాలు, నల్లటి వీపు, నా మోచేతి అంత పొడుగు. వెన్ను రెక్క తోక దాకా సాగి ఉంది. మా వైపు కాలవల్లో దొరికే మార్పు చేపలాగే ఉంది గాని, మార్పు అంత పెద్దగా ఉండగా నేను ఎన్నడూ చూడలేదు.

"ఆడేం పని నీకు?" వెనకనుంచి ఆవిడ గొంతు.

"నీళ్ళకి వచ్చానండీ."

"నీళ్లు ముందట కుండల ఉన్నయి."

ఇంటికి వస్తూ దారంతా అదే ఆలోచన. ఊళ్ళో వాళ్ళ బకెట్లన్నీ వెతికే మనిషి తన గుడిసె వెనక చేపను కప్పిపెట్టి ఎందుకు పెంచుతోంది? పెంచకూడదని ప్రభుత్వం నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్ గురించి పేపర్లో చదివి ఉన్నాను. చెరువులో పడితే మిగతా చేపలన్నిటినీ ఊడ్చేస్తుందని. మా ఆయనతో చెబితే, "మనకెందుకు, వేరే చెరువు చూసుకో" అన్నారు. నేను వేరే చెరువు చూసుకోలేదు. ఆవిడను కనిపెట్టాలనుకున్నాను.

తరువాత వచ్చిన ఆదివారం, ఆవిడ అవతలి ఒడ్డున అటు తిరిగి ఉండగా, మోపెడ్ మీద ఒకతను వచ్చి ఆగాడు. బండికి రెండు వైపులా నీలం క్యాన్లు, మూతులకు పల్చటి గుడ్డ.

"మేడమ్, గాలం వాలుగకేనా?" అన్నాడు.

"అవును."

"ఎర దొరుకుతలేదంట గద. ఇవ్వి పెట్టుండ్రి. పొద్దుందాక సావయ్."

"ఎంత?"

"పైసలేం వద్దు."

ఎరకు కటకటగా ఉన్న చోట ఊరూ పేరూ చెప్పని మనిషి ఊరికే ఇస్తానంటే నమ్మబుద్ధి కాలేదు. వద్దనే లోపే ఒక మగ్గుతో నా బకెట్‌లో పోసేశాడు. బండి తిప్పుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. బకెట్‌లోకి చూశాను. వేలెడంత పిల్లలు, నల్లగా, మీసాలతో. తోక దాకా సాగిన వెన్ను రెక్క. గోలెంలో చూసిన చేపకు పిల్లలు ఇలాగే ఉంటాయి.

ఎరగా చూస్తే అంత మంచి ఎర ఉండదు. గాలానికి గుచ్చినా సాయంత్రం దాకా కొట్టుకుంటూనే ఉంటుంది. కానీ దారం తెగితే అది చెరువు పాలవుతుంది. గాలం పక్కన పెట్టి బకెట్ మీద తడిగుడ్డ కప్పాను. ఆవిడకు చూపించి ముఖం ఎలా మారుతుందో చూద్దామనుకున్నాను.

నేను చూపించే అవసరం లేకపోయింది. గుడ్డ కప్పడం ఆవిడ అవతలి ఒడ్డునుంచే చూసింది. గబగబా వచ్చి గుడ్డ లాగింది.

"దొరికినవ్," అంది, మెల్లగా. ఆ మాట అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

భర్తను పిలిచింది. ఆయన వెంట సంఘం మనుషులు వచ్చి నా చుట్టూ నిలబడ్డారు. మోపెడ్ మనిషి సంగతి చెప్పాను.

"ఏ మనిషి?" అన్నాడు ఆయన. "మాకెవ్వరికి కనవడలే."

"నేను అబద్ధం చెప్పడం లేదండీ."

"చదువుకున్నోళ్లు, మీకేం తక్కువమ్మా, మా చెరువు మీద పడ్డరు?"

ఇంక ఆగలేకపోయాను. "మరి మీ గుడిసె వెనక గోలెంలో ఉన్నదేమిటండీ?"

అందరూ ఆవిడ వైపు తిరిగారు. భర్త కూడా. "గోలెంల ఏందే?" అని అడిగాడు. ఆయనకు నిజంగానే తెలియదు.

ఆవిడ భర్త వైపు తిరిగి చెప్పింది. "మత్తడి కాడ గడ్డిల పాక్కుంట పోతాంటే పట్టిన. మన మార్పు గాదనిపిచ్చింది. ఎవడు ఇడుస్తున్నడో దొరికేదాక దాసి పెడ్దామనుకున్న. నీకు జెప్తే కోసుకొని తింటవని జెప్పలే."

ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు.

అందరం గోలెం దగ్గరకు పోయాం. నా బకెట్‌లోంచి ఒక పిల్లను తీసి పెద్దదాని పక్కన పట్టుకుని చూపించాను. అదే తల, అదే రెక్క. చేతిలోంచి జారి నీళ్ళలో పడిందో లేదో, పెద్దది నోరు తెరిచి మింగేసింది. నేనూ ఆవిడా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇన్నాళ్ళూ ఆవిడ నన్ను అనుమానించింది, నేను ఆవిడను. మగవాళ్ళు మాత్రం నా మాట నమ్మినట్టు లేరు. వాళ్ళు వెళ్ళాక ఆవిడ నాతో అంది. "వచ్చే ఐతారం ఆడనే కూసో చెల్లె. నేను తుమ్మ చెట్ల సాటుకు ఉంట."

ఆ ఆదివారం అతను రాలేదు. ఎండలో కూర్చుని, ఈమె నన్ను నమ్మి దాక్కుందా, నా మీద నిఘాకు దాక్కుందా అని నేను తేల్చుకోలేకపోయాను. ఆ పై వారం వచ్చాడు. నా దగ్గర ఆగి క్యాన్ గుడ్డ విప్పుతుండగా ఆవిడ చెట్ల వెనకనుంచి వచ్చి బండి తాళంచెవి లాగేసుకుంది. అతను పారిపోవాలని కూడా చూడలేదు.

"అక్కా, నేను పనోన్ని," అన్నాడు. "మా సేటు ఫారంహౌస్‌ల చెరువు తవ్విచ్చి గీ చేపలు పెంచుతుండు. ఆఫీసరోళ్లు వస్తున్నరని తెలిసి, గుంత తీసి సున్నమేసి పూడ్సమన్నడు. బతికున్నయాటిని ఎట్ల పూడ్సాలె? గాలమోళ్లకైన పనికొస్తయని ఇస్తున్న."

"మిగిలినయి?" అంది ఆవిడ.

అతను చెరువు వైపు చూశాడు. ఆ చూపు చాలు.

తాళంచెవి ఇచ్చి అతన్ని వదిలేశాక ఆవిడ గట్టు మీద కూర్చుంది. తరువాత, "జాలి గాదు చెల్లె," అంది. "సేటోళ్లు మన చెరువుల దాసి పెడ్తున్నరు. ఆఫీసరోళ్లు పోయినంక వల ఏసి పట్టుకుంటరు. మన సంఘమోళ్లు సూడనట్టు ఉండాలె గద మరి, దానికి."

అతని గొంతులో నాకు నిజమే వినిపించింది. ఆవిడ చెప్పింది కూడా నిజమే అనిపించింది. పనివాడికి జాలి ఉండవచ్చు, చేయించినవాడికి లెక్క ఉండవచ్చు. ఇప్పటికీ నేను ఏదీ తేల్చుకోలేదు.

సంఘం వాళ్ళు ఫారంహౌస్‌కు పోతే అక్కడి గుంట ఎండబెట్టి ఉంది. గేటు దగ్గర మనిషి, ఇక్కడ చేపలే పెంచలేదన్నాడు. చేపల శాఖ మనుషులు వచ్చి, ఎండాకాలంలో నీళ్ళు తగ్గాక వలలేసి నల్ల చేపల్ని ఏరి సున్నం చల్లి పూడ్చమన్నారు. అప్పటిదాకా బతికున్న ఎర ఎవరూ పెట్టకూడదని సంఘం తీర్మానించింది, ఆ చెరువులో పట్టినదైనా సరే. నాకు మళ్ళీ వానపాములే మిగిలాయి. వాలుగ సంగతి మరిచిపోయి జెల్లలు పట్టుకున్నాను.

వేసవిలో వలలు లాగిన రోజు నేనూ వెళ్ళాను. బురదలోంచి బయటపడ్డ నల్ల చేపలు నీళ్ళు లేకపోయినా గట్టు మీద పాకుతూనే ఉన్నాయి. కట్ట కింద పెద్ద గొయ్యి తీసి కుమ్మరించారు. పూడ్చేది సాయంత్రం అన్నారు, నేను ముందే వచ్చేశాను.

ఆ వారంలోనే శంషాబాద్ బజారులో చేపలు కొనబోయాను. ఒక బల్ల మీద తోలు తీసిన ముక్కలు కుప్పగా ఉన్నాయి. కొర్రమట్ట అన్నాడు అమ్మేవాడు. కొర్రమట్టను తోలు తీసి, తల లేకుండా ఎవరు అమ్ముతారు? బల్ల కింద గంపలో చూశాను. చదునైన తలలు, మీసాలు. ఎక్కడివని అడిగితే, "చెరువు చేపలే మేడమ్," అన్నాడు.

కొనకుండా నేరుగా చెరువుకు పోయి ఆవిడతో చెప్పాను. ఆవిడ పార తీసుకుని గొయ్యి దగ్గరకు నడిచింది. ఒక పక్క తవ్వింది. పైన సున్నం, దాని కింద కొన్ని చేపలు, వాటి కింద వట్టి మట్టి. ఇంకొంచెం తవ్వి చూసి, మళ్ళీ మట్టి లాగి పూడ్చేసింది.

"ఎవరికి చెబుతారక్కా?" అన్నాను.

"మా ఇంటాయన గూడ అండ్లనే ఉన్నడు," అంది. "ఆ దినం నన్ను పొద్దుండంగనే ఊళ్లె ఇంటికి పొమ్మన్నడు. గప్పుడే అర్థం గావాల్సింది నాకు."

చెప్పదనుకున్నాను. సంఘం కూర్చున్న రోజు అందరి ముందూ లేచి చెప్పిందట, భర్త పేరుతో సహా. ఎవరూ కాదనలేదు, ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఆవిడ కాపలా వదిలేసి కొత్వాల్‌గూడలో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయింది. తరువాత గుడిసెలోకి ఒక ముసలాయన వచ్చాడు. నేను బకెట్‌తో వెళితే కుర్చీలోంచి లేవకుండానే, బకెట్ చూడకుండానే, చేయి ఊపి గట్టు మీదకు పొమ్మన్నాడు. ఆ రోజు సాయంత్రం దాకా కూర్చున్నాను గాని, పక్కన గాలం వేసిన వాళ్ళ బకెట్ల వంక చూడకుండా ఉండలేకపోయాను. ఆ తరువాత అక్కడికి పోలేదు.