కనకవ్వ కార్జం

2017లో నన్ను కరీంనగర్‌లోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కాలేయ మార్పిడి కోఆర్డినేటర్‌గా వేశారు. అంతకు ముందు వార్డుల్లో స్టాఫ్ నర్సుగా, తర్వాత హెడ్ నర్సుగా చేశాను. ఆపరేషన్లు హైదరాబాద్‌లోని మా పెద్దాస్పత్రిలో జరిగేవి. రోగికి ఇక్కడ పరీక్షలు చేయించడం, ఇంటివాళ్లతో మాట్లాడడం, నెలకోసారి సెలక్షన్ కమిటీ ముందు కేసు పెట్టడం నా పని. సర్జన్లు, ఫిజీషియన్లు, మత్తు డాక్టరు, మానసిక వైద్యుడు ఉండే ఆ కమిటీలో హోదాకు నేనే అందరికన్నా చిన్నదాన్ని. నోరు మాత్రం పెద్దదేనని వాళ్లూ ఒప్పుకుంటారు.

కార్జం చెడితే కొత్తది పెట్టేస్తారని జనం అనుకుంటారు. కాలేయాన్ని మా దిక్కు కార్జం అంటాం. అంత సులువైతే నా ఉద్యోగం ఎందుకు? ముందు అది ఇక మందులతో కోలుకోదని తేలాలి. బిలిరుబిన్, క్రియాటినిన్, సోడియం, రక్తం గడ్డకట్టే వేగం, వీటన్నిటినీ కలిపి ఒక స్కోరు కడతారు. స్కోరు పెరిగినకొద్దీ ప్రాణానికి ముప్పు పెరిగినట్టు. అయినా అవసరం ఒక్కటే చాలదు. గుండె, ఊపిరితిత్తులు అంత పెద్ద ఆపరేషన్‌ను తట్టుకోవాలి. అదుపు తప్పిన ఇన్ఫెక్షన్ ఉండకూడదు, క్యాన్సర్ ఉంటే అది కాలేయం దాటి పోయి ఉండకూడదు. బతికినంత కాలం పూట తప్పకుండా మందులు వేసుకునే మనిషి కావాలి. తాగుడు పూర్తిగా మానాలి. దీనికి ఒక్కో ఆస్పత్రిది ఒక్కో పద్ధతి. మా కమిటీ ఆరు నెలలని పెట్టుకుంది.

ఆ మరుసటి ఏడు రాజమల్లు వచ్చాడు. సిరిసిల్ల దిక్కు సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపే నేత కార్మికుడు, నలభై దాటాయి. ఎప్పుడు సోకిందో తెలియని హెపటైటిస్ బి లోపల్లోపల కాలేయాన్ని గట్టిపరిచేసింది. కళ్లు పచ్చబడ్డాయి, కడుపులో నీరు చేరింది. మార్పిడి తప్ప దారి లేదన్నారు డాక్టర్లు. భార్య కనకవ్వ బీడీలు చుట్టేది. తన కార్జంలో సగం ఇస్తానని ఆమే ముందుకొచ్చింది. భార్య, తల్లిదండ్రులు, పిల్లలు, తోడబుట్టినవాళ్లు లాంటి దగ్గరి బంధువులు ఇలా ఇవ్వడానికి చట్టం ఒప్పుకుంటుంది. దాతలో మిగిలిన భాగం కొన్ని నెలల్లో మళ్లీ పెరుగుతుంది. ఇద్దరి రక్తం గ్రూపూ కలిసింది.

దాతను ఒంటరిగా కూర్చోబెట్టి, ఎవరైనా బలవంతం చేస్తున్నారా అని అడగడం మా నియమం. అడిగాను.

"నన్నెవరు బలిమి చేస్తరు మేడం? నేనే అందర్ని బలిమి చేస్తున్న" అంది.

రాజమల్లును తాగుడు గురించి అడిగితే, సారా దిక్కు మొహం కూడా పెట్టలేదని పిల్లల మీద ఒట్టేశాడు. అదే రాసుకున్నాను. తీరా మద్యం జాడను కొన్ని వారాల వెనక్కి పట్టిచ్చే రక్తపరీక్ష చేయిస్తే, జాడ ఉంది. కొంచెం కూడా కాదు, బాగానే ఉంది.

కమిటీలో సీనియర్ సర్జన్ ఫైలు పక్కకు నెట్టారు. అబద్ధం చెప్పేవాడు రేపు మందులు కూడా ఇట్లాగే వేసుకుంటాడని ఆయన వాదన. తప్పని అనలేను. కానీ ఆ ఒట్టు నేను కళ్లారా చూశాను. అబద్ధాలు వినీ వినీ పండిన చెవులు నావి, అందులో నాకు దొంగమాట వినిపించలేదు. పేరు కొట్టేయకండి, వచ్చే కమిటీ దాకా ఆగండని పట్టుబట్టాను.

చెప్పకుండా ఒక పొద్దున వాళ్లింటికి పోయాను. రాజమల్లు వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. కనకవ్వ బయటి నుంచి చెంబుతో వచ్చి, గ్లాసులో వంచి ఆయన చేతికిచ్చింది. వాసన నా దాకా వచ్చింది. ఈత కల్లు.

గట్టిగానే అరిచాను. ఆమె బిత్తరపోయింది.

"కల్లు తాగుడెట్లయితది మేడం? సారా గాదు, బ్రాండి గాదు. ఈత కల్లు సలువ, కామెర్లకు మంచిదని మా అవ్వ జెప్పింది. రెండు పూటలు నేనే పోస్తున్న."

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. తన కార్జం కోసిస్తానన్న మనిషే, ఆయన కార్జానికి మిగిలిన కాస్త బలాన్నీ రోజూ చెంబుతో కడిగేస్తోంది. అదీ ప్రేమతో. కల్లులోనూ ఉండేది అదే మద్యమని అరుగు మీద కూర్చుని ఇద్దరికీ చెప్పాను. కనకవ్వ చెంబెడు కల్లూ మోరీలో పారబోసింది.

జరిగిందంతా కమిటీకి చెప్పాను. ఇది అబద్ధం కింద రాదని మానసిక వైద్యుడు నా వైపు నిలిచారు. సర్జన్ మెత్తబడలేదు. ఈత చెట్టు నుంచి వచ్చిందా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అని కాలేయం అడగదన్నారు. చివరికి పేరు ఉంచారు. ఆరు నెలలు మళ్లీ మొదటి నుంచి, నెలనెలా రక్తపరీక్ష, ఒక్కసారి జాడ కనబడినా కేసు మూసేస్తాం అన్నారు. ఈలోగా స్కోరు పెరిగి మనిషి పోతే ఏం చేస్తారని అడిగాను. తర్వాతి ఫైలు తెరిచారు.

స్కోరు పెరుగుతూనే వచ్చింది. రెండుసార్లు వార్డులో చేర్చి కడుపులో నీరు తీయించాం. పరీక్షలు మాత్రం శుభ్రంగా వచ్చాయి. గడువు ముగియబోతుండగా రాజమల్లు తండ్రి చనిపోయాడు. కనకవ్వ ఫోన్ చేసింది. మూడొద్దుల నాడు, అంటే పోయిన మూడో రోజు, చుట్టాలు కల్లు తెచ్చి కొడుకులకు తాపిస్తారు, వద్దంటే వినరు, మీరొచ్చి చెప్పుండ్రి అని. బస్సెక్కాను. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను.

పోయినాయన పేర కాకులకు అన్నం పెట్టడాన్ని పిట్టకు పెట్టడం అంటాం. అది అయి వచ్చాక అందరూ వాకిట్లో కూర్చున్నారు. రాజమల్లు కాక, అంటే తండ్రి తమ్ముడు, ముంత అందించాడు.

"మీ బాపు పేరు మీద ఒక్క గుక్క తాగుర. నువ్వే తాగకుంటే ఆయన పానం ఊకుంటదా?"

ఒక్క గుక్క వల్ల ఏమవుతుందని నన్ను కూడా ఎవరో అడిగారు. రాజమల్లు ముంత వైపు చూశాడు. తండ్రి పోయిన కొడుకు, పదిమందిలో ఉన్నాడు. చెయ్యి లేచింది. నేను నోరు తెరిచేలోపు కనకవ్వ వచ్చి ముంతకు, ఆయన చేతికి మధ్య నిలబడింది.

"చిన్నమామా, గీయిన పెయ్యిల రేపు పడేది నా కార్జం. నా కార్జంల కల్లు వొయ్యనియ్య. మామకియ్యాలంటే భూమ్మీద సాక పొయ్యుండ్రి, మామనే తాగుతడు."

ఆడదానికి ఇంత నోరేమిటని వెనక నుంచి ఒక గొంతు లేచింది. ఆమె కదల్లేదు. కాక ముంత వెనక్కి తీసుకున్నాడు. తర్వాత వంగి, అన్న పేరు చెప్పి, కల్లును నేల మీద ధారగా పోశాడు. నేను బస్సులో కూడబలుక్కున్న వాటిలో ఒక్క మాటా ఖర్చు కాలేదు.

చివరి పరీక్ష కూడా శుభ్రంగా వచ్చింది. కమిటీ ఒప్పుకుంది, ఫైలు మీద మొదటి సంతకం సీనియర్ సర్జన్‌దే. ఆపరేషన్ తర్వాత కనకవ్వ ముందు ఇంటికి చేరింది. రాజమల్లు ఐసీయూలో చాలాకాలం పోరాడి బయటపడ్డాడు.

అంతవరకు మేం రోగి అర్హతను రక్తంలో, స్కానింగుల్లో, ఆయన చెప్పే జవాబుల్లో వెతికేవాళ్లం. ఆయన నోటికి ఏది అందుతుందో నిర్ణయించేవాళ్లను ఎప్పుడూ పిలవలేదు. ఆ కేసు తర్వాత ఇంట్లో వండేవాళ్లను, మాట చెల్లే పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడకుండా ఏ ఫైలూ కమిటీకి పంపలేదు. వాళ్లు రాకపోతే నేనే వాళ్ల గడప తొక్కాను. రిటైరయ్యేదాకా అదే చేశాను.