పేర్రాజు గారి ‘హియర్’ మాటలు

మొన్న కొత్తపేటలో పాత ఇనుము కొట్టు ముందు, ఎండలో పడేసిన టైపు మిషను పక్కనుంచి వెళ్తుంటే రిబ్బను సిరా వాసన తగిలింది. ఆ వాసనొస్తే నాకు పేర్రాజు గారే గుర్తొస్తారు. తొంభైల్లో అమలాపురంలో ఆయన అర్జీలు రాసిచ్చే గదిలో నాలుగేళ్ళు టైపిస్టుగా పనిచేశాను.

ఆయనకి పాత ఇంగ్లీషు మాటల పిచ్చి. అందులోనూ ‘హియర్’తో మొదలయ్యేవంటే ప్రాణం. ‘ఇందుమూలంగా’ అనడానికీ ‘ఇంతకుముందు’ అనడానికీ హియర్‌బై, హియర్‌అన్‌టూ, హియర్‌టుఫోర్, హియర్‌ఇన్‌బిఫోర్... ఏ కాలంనాటి దస్తావేజుల్లోంచో ఏరి ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకునేవారు. “ఇవన్నీ ఒక తల్లి పిల్లలే అమ్మాయ్. ఇంగ్లీషువాళ్ళే వదిలేసేరు, మనం సాకుతున్నాం” అని మురిసిపోయేవారు. వచ్చేవాళ్ళూ తక్కువ తినలేదు. “కాస్త గట్టి ఇంగ్లీషు పడేయండి బాబుగారూ” అని అడిగి మరీ వేయించుకునేవారు. అర్థం కాకపోతేనే బరువనుకునే రోజులవి.

ఒకసారి ముమ్మిడివరం వైపు నుంచి మంగతాయారు అనే ఆవిడ వచ్చింది. గల్ఫ్‌కి పనికెళ్ళిన భర్త మెట్ల మీంచి పడ్డాడు, కాలి పుండు మానడం లేదు, పాస్‌పోర్టేమో యజమాని దగ్గరుంది. ఎలాగైనా ఇంటికి పంపించమని అక్కడున్న మన దేశపు ఎంబసీ ఆఫీసుకి అర్జీ పెట్టాలి. పేర్రాజు గారు రెండు పేజీలు చెప్పేరు, నేను కొట్టేను. ఎర్ర పుస్తకంలోని మాట ఒక్కటీ వదల్లేదు. మంగతాయారు ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుంది.

రెండు నెలలకి జవాబొస్తే మంగతాయారు పట్టుకొచ్చింది. మీ అర్జీ చదివేం, మీరు కోరేదేమిటో తెలియలేదు, దయచేసి తెలపండి అని మర్యాదగానే రాసేరు.

పేర్రాజు గారు మా కార్బను కాపీ తీయించి చదివేరు. యజమాని ఉన్నాడు, పాస్‌పోర్టు ఉంది, కాలు రెండో పేజీ అడుగున ఎక్కడో ఉంది. ఇంటికి పంపండన్న ముక్క మాత్రం లేదు. ఆయన కళ్ళజోడు తీసేసేరు.

“తప్పు నాదేనమ్మా. నీకేం కావాలో నీ మాటల్లో చెప్పు.”

“ఏం కావాలండీ, మా ఆయన్ని పంపించమనండి. కాలు కుళ్ళిపోతోందండీ” అంది మంగతాయారు, ఏడుస్తూ.

“అదే కొట్టమ్మాయ్” అన్నారు నాతో.

అర్జీ నాలుగు వరుసలొచ్చింది. ఆవిడ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, “ఇంతేనాండీ? మరీ పలచగా ఉందండీ” అంది.

“ఆయ్, ఇంతేనమ్మా. పలచగా ఉంటేనే లోపలున్నది కనపడుతుంది.”

నెల తిరక్కుండా ఆవిడ మొగుడు ఇంటికొచ్చేడు. తర్వాత మా గదికి చంకలో కర్రతో వచ్చేడు. ఊరొచ్చేక కాలు మోకాలి కింద తీసేసేరు. ఇంకాస్త ముందొస్తే కాలు దక్కేదని ఇక్కడి డాక్టరు అన్నాడట. అయినా మొగుడూ పెళ్ళాలిద్దరూ కొబ్బరి బొండాలు పట్టుకొచ్చి, “మీ చలవేనండీ” అని దండం పెట్టేరు. పేర్రాజు గారు బొండం ముట్టుకోలేదు. వాళ్ళు వెళ్ళేక, “ఆ రెండు నెలలూ నావే అమ్మాయ్” అన్నారు. అందులో నాకూ వాటా ఉంది, కొట్టింది నేనే కదా. ఆ మాట అప్పుడు నోరు తెరిచి అనలేకపోయాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇప్పుడు రాజోలులో నాదీ అర్జీలు రాసే గదే, కాకపోతే కంప్యూటరు మీద. ఆయన ఇచ్చిన ఎర్ర అట్ట పుస్తకం నా సొరుగులోనే ఉంది. ఆ మాటలంటే నాకూ ఇష్టమే, తీరికున్నప్పుడు చదువుకుంటాను. గుమ్మంలోకి ఎవరైనా వస్తే సొరుగు మూసేసి, “ముందు మీకేం కావాలో చెప్పండి” అంటాను. వాళ్ళు చెప్పింది మొదటి వరుసలో కొట్టేకే, పేరూ ఊరూ అడుగుతాను.