కాలవలో వదిలిన వ్యాఖ్యానం

మా మావగారు ముప్పయ్యేళ్ళు కూర్చుని రాసిన ఖురాను వ్యాఖ్యానాన్ని బందరు కాలవలో ముంచింది ఎవరో కాదు, నేనే. ఇంతకాలం ఈ మాట నేను ఇల్లు దాటనివ్వలేదు.

ఆయన సూఫీ. అరబ్బీలో దిట్ట. గూడూరు నుంచి, గుడివాడ నుంచి మనుషులు వచ్చి మా వసారాలో కూర్చుని ఆయన చెప్పే అర్థాలు వినేవారు. "గడగడా చదివేస్తే సరిపోయిందా? దేవుడు నీతో ఏమన్నాడో తెలియొద్దూ?" అని వాళ్ళను గదమాయించేవారు. నాకు వచ్చింది ఆ గడగడే. అచ్చు పుస్తకంలో ఎలా పలకాలో గుర్తులన్నీ పెట్టి ఉంటే పైకి చదువుతాను, అర్థం తెలియదు. చేతిరాతయితే అదీ లేదు.

డెబ్భై ఏడు ఉప్పెనకు మా ఇంట్లోకి నడుం లోతు నీళ్ళొచ్చాయి. నీళ్ళు తియ్యగానే మావగారు మా ఆయన్ని వెంటబెట్టుకుని దివిసీమ వెళ్ళిపోయారు. అక్కడ శవాలకు నమాజు చేసి మట్టి చేసేవాళ్ళు కూడా మిగల్లేదట.

ఇంట్లో నేనొక్కదాన్నే. మావగారి ట్రంకుపెట్టె తెరిస్తే బురద పట్టిన కాగితాల కట్టలు, చెదిరిన సిరా, అరబ్బీ అక్షరాలు. ఖురాను పుటలు పాడైతే కాళ్ళ కింద పడనివ్వకూడదు. తెల్లగుడ్డలో చుట్టి పారే నీళ్ళలో వదలడం మా ఆచారం. ఇవీ అవేననుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఎండలో పరిచి చూద్దామని కూడా తోచలేదు. తేలకుండా రాయి కట్టి మరీ ముంచాను. గుడ్డలోంచి బుడగలు చాలాసేపు వచ్చాయి. మంచిపని చేశానని పొంగిపోతూ ఇంటికొచ్చాను.

ఎనిమిదో రోజున మావగారు తిరిగొచ్చారు.

"పెట్టె ఖాళీగా ఉందేమ్మా?"

చెప్పాను. అరుగు మీద కూలబడిపోయారు.

"అది నా రాతమ్మా," అన్నారు. "పోన్లే. మర్యాదగానే పంపావు."

నాలుగు తిట్టినా బావుండేది.

కొన్నాళ్ళకు దివిసీమ నుంచి ఒకతను వచ్చాడు. ఉప్పెనలో ఇద్దరు పిల్లలూ పోయారు.

"మా పాపం వల్లే ఇట్టా అయిందంటున్నారండీ. పాపుల్ని ముంచిన నూహ్ ప్రవక్త నాటి వరదలాంటిదేనంట. నిజమేనాండీ?"

"కాదు, కాదయ్యా!" అన్నారు మావగారు. "పసిపిల్లలకు పాపమేమిటి? నేను రుజువులతో సహా రాశాను. అక్కడ దేవుడి మాట..."

ఆగిపోయారు. కళ్ళు మూసుకున్నారు. పెదాలు కదులుతున్నాయి, రాసిన ముక్క గుర్తుకు రావడం లేదు. అతను చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

మావగారు నాకేసి తిరిగారు. ఆ మొహంలో కోపం లేదు, ఆశ ఉంది.

"అమ్మాయ్, ముంచేముందు చూశావుగా. అందులో ఒక్క ముక్కయినా గుర్తుందా?"

ఆ కాగితాలను ఆఖరున చూసిన దాన్ని నేనే.

"నాకు చదవడం రాదు మావయ్యా," అన్నాను.

అప్పటిదాకా ఆయన్నే చూస్తున్న ఆ తండ్రి నాకేసి తిరిగాడు. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే అలాగే చూస్తుంటాడు.