అవ్వ ఒళ్ళో దుప్పి

అడవి అంచు ఊళ్ళల్లో నాకు ముక్కోపి అని పేరు. దుప్పి ఎక్కడైనా చిక్కిందని కబురొస్తే పోయి ముందు జనాన్ని తరిమేస్తాను. దాని కళ్ళకు గుడ్డ కట్టి, నీడన పడుకోబెట్టి, చెయ్యాల్సింది గబగబా చేసేసి ఎవర్నీ దగ్గరకు రానివ్వను. పశువుల డాక్టరుకు ఇంత రాతిగుండె ఏమిటని చెప్పుకుంటారు. చెప్పుకోనీ.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలా ఉండేవాణ్ణి కాదు. అప్పుడు మణుగూరు అవతల ఒక చిన్న ఊళ్ళో, పత్తిచేలో కుక్కలు తరుముతున్న ఆడదుప్పిని ఒక ముసలవ్వ కట్టె పట్టుకుని అడ్డంపడి కాపాడింది. నేను వెళ్ళేసరికి అది ఆమె ఇంటి వాకిట్లో, ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఉంది. చుట్టూ ఊరంతా మూగింది. దుప్పి నుదుటన పసుపు, కుంకుమ. ఎవరో అరటిపండు నోటికి అందిస్తున్నారు. తొడ మీద ఒక్క గాటు, అంతే. ఎంత సాధువుగా ఉందో చూడమని అందరూ మురిసిపోతున్నారు.

స్టెతస్కోపు పెట్టాను. గుండె లెక్కకు అందకుండా కొట్టుకుంటోంది. అడవి జంతువు పట్టుబడి కదలకుండా ఉందంటే మచ్చికైనట్టు కాదు, భయంతో బిగుసుకుపోయినట్టు. ఆ భయం అలాగే సాగితే కండరాలు లోపల్లోపలే చితికిపోతాయి, వాటిలోంచి వచ్చే విషం మూత్రపిండాలను పాడుచేస్తుంది. ఎవరో ఏళ్ళ తరబడి పరిశోధించి రాసిపెట్టిన సంగతి ఇది. కాలేజీలో కంఠతా పట్టి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా, అవ్వా చెయ్యి తియ్యి అని అనలేకపోయాను. ఆమె మొహంలో అంత సంతోషం. గాటుకు మందు రాసి, వాళ్ళతో నిలబడి ఫోటో కూడా దిగాను. ఇప్పటికీ ఆ ఫోటో చూడాలంటే సిగ్గేస్తుంది.

మర్నాడు ఫారెస్టు జీపు వచ్చేసరికి దుప్పి లేవలేకపోయింది. మూత్రం కాఫీ రంగులో పడింది. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది. కోసి చూస్తే తొడ కండ ఉడకబెట్టినట్టు పాలిపోయి ఉంది.

అవ్వ వాకిట్లోనే కూర్చుని ఉంది. తెల్లవార్లూ దాన్ని నిమురుతూనే ఉందట.

"చిన్న గాటే అంటివి గద సారూ. మరి ఎట్ల సచ్చిపోయింది?"

"భయంతోని, అవ్వా."

"కుక్కల్ని అప్పుడే ఎళ్ళగొట్టిన గద. ఇంకెవర్ని జూసి భయపడ్డది?"

అంటూనే ఆమెకే అర్థమైంది. చేతులు రెండూ మెల్లగా కొంగు కింద దాచుకుంది. అది చూసి కూడా, తప్పు నాదని చెప్పలేకపోయాను.