నేను తీసేసిన లైను

అమెరికాలో, చికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో మా తెలుగు చర్చికి సొంత బిల్డింగ్ లేదు. ఒక అమెరికన్ చర్చి వాళ్లు తమ ఆరాధన అయ్యాక ఆదివారం మధ్యాహ్నం వాళ్ల హాలు మాకిస్తారు. తలుపులు తీసి పెట్టేది వాళ్ల చర్చి పెద్దాయన, ఎనభై దాటిన మనిషి. వాళ్లమ్మ ఐర్లండు నుంచి వచ్చిందట.

ఆ ఆదివారం మా తాతయ్య రాసిన కీర్తన పాడాం. స్క్రీన్ మీద పాట కింద "రచన, బాణీ" అని తాతయ్య పేరే ఉంటుంది. స్లయిడ్లు చేసేది నేనే కదా. పాట అయ్యాక పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "మా అమ్మ రొట్టెకి పిండి కలుపుతూ పాడే పాట ఇది. మీకెలా వచ్చింది?" అన్నాడు.

చుట్టూ మావాళ్లంతా ఉన్నారు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "మీరు పొరబడ్డారండీ. ఇది మా తాతయ్య కట్టిన బాణీ" అన్నాను. నా నోరు పడిపోను!

ఆయన వాదించలేదు. "అయ్యుండొచ్చు. ఈమధ్య మతి తప్పుతోందేమోనని భయంగా ఉంది" అని నవ్వబోయాడు. మరుసటి ఆదివారం తలుపులు వేరే ఆవిడ తీసింది. అమ్మ పాటే సరిగ్గా గుర్తులేనివాడి దగ్గర తాళాలెందుకని ఇచ్చేశాడట. కారు డ్రైవ్ చేయడం కూడా మానేశాడట.

నిజం నాకు ముందే తెలుసు. మా పాటల పుస్తకాల్లో ప్రతి పాట పైనా రాగమో, బాణీ ఎక్కడిదో చిన్న అక్షరాల్లో వేస్తారు. తాతయ్య కూడా తన నోటుబుక్కులో నిజాయితీగా రాసుకున్నాడు: "బాణీ ఐర్లండు పల్లెపాటది. మిషన్ బడి దొరసాని నేర్పింది." టైప్ చేసేటప్పుడు ఆ లైను తీసేసింది నేనే. బాణీ కూడా ఆయనదే అంటే ఇంకా గొప్పగా ఉంటుందనుకున్నాను. ఆయనకి లేని కక్కుర్తి నాకెందుకో, సిగ్గులేనిదాన్ని!

నోటుబుక్కు పట్టుకుని పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఆ లైను మీద వేలు పెట్టి చదివి, అర్థం చెప్పాను. ఆయన ఆ తెలుగు అక్షరాల్ని మెల్లగా తడిమాడు.

"అయితే నాకు బాగానే గుర్తుందన్నమాట" అన్నాడు. తర్వాత వాళ్లమ్మ పాట మొత్తం పాడాడు, ఎక్కడా తడబడలేదు.

"పాపం, నీకూ ఇవాళే తెలిసిందా?" అనడిగాడు.

"అవునండీ, ఇవాళే" అన్నాను.

ఆయన నా రెండు చేతులూ పట్టుకుని థాంక్స్ చెప్పాడు.