మూకీ సినిమాలో ఆయన గొంతు

మొన్న ఆదివారం మధ్యాహ్నం, వచ్చే వేసవిలో తాను పెళ్ళాడబోయే కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని మా మనవరాలు ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా ఇంటికి వచ్చింది. మా వారికి ఈ మధ్య చెవులు బొత్తిగా వినిపించడం లేదు. టీవీలో ఏం పెట్టినా కింద అక్షరాలు చదివేలోపే మారిపోతున్నాయని విసుక్కుంటారు. అది గమనించి కాబోలు, పిల్ల ఎక్కడో వెతికి ఒక పాత మూకీ సినిమా పెట్టింది. "అమ్మమ్మా, ఇది సూపర్ ఓల్డ్. బోర్ కొడితే చెప్పు, ఆపేస్తా" అంది. గుహ ముందు జంతుచర్మం కట్టుకున్న ఒక బక్కపలచటి మనిషి కనిపించగానే నేనూ మా వారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ సినిమా మేము చూసిందే.

పెళ్ళయి నేను ఈ దేశం వచ్చిన మొదటి చలికాలం అది. మన తరంవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, పెళ్ళిచూపుల్లో తలెత్తి చూసింది ఎంత, పెళ్ళి పీటల మీద మాట్లాడుకున్నది ఎంత. బందరులో పదిమంది మసలే ఇంట్లో, నిద్రలో కూడా ఎవరో ఒకరి మాట చెవిన పడుతుండగా పెరిగినదాన్ని, మంచు కప్పిన ఒక అపార్ట్‌మెంట్‌లో కిటికీ పక్కన కూర్చున్నాను. మా వారు కార్ల కంపెనీలో తలుపుల డిజైన్లు గీసేవారు. చీకటితో వెళ్ళి చీకటితో వచ్చేవారు. చెడ్డవారు కారు, కోపిష్ఠి అంతకన్నా కారు, కాని నోట మాట లేదు. పప్పులో ఉప్పు మరిచినా బాగుందనేవారు, రెండుసార్లు వేసినా బాగుందనేవారు. బయటికి వెళదామంటే నాకు ఇంగ్లీషు చదవడమే కూడబలుక్కుని. ఇక్కడివాళ్ళు మాట్లాడితే ఒక్క ముక్క అందేది కాదు. చివరికి ఒకరోజు, మంచు కరిగాక బందరు వెళ్ళిపోతానని ధైర్యం చేసి చెప్పాను. ఎందుకని అడుగుతారనుకున్నాను. "సరే, టికెట్ బుక్ చేస్తాను" అన్నారు. ఆ సరే అన్న మాట నన్ను బాధపెట్టినంతగా ఆ ఊరి చలి కూడా బాధపెట్టలేదు.

ఆ వారంలోనే ఆయన ఆఫీసులో ఒక పెద్దాయన, తాను వెళ్ళలేక, ఒక పాత థియేటర్‌లో మధ్యాహ్నం ఆటకు రెండు టికెట్లు ఇచ్చాడు. వద్దంటే బాగుండదని వెళ్ళాం. అది మూకీ అని అక్కడికి వెళ్ళేదాకా మాకు తెలియదు. తెర పక్కన ఒకావిడ పియానో ముందు కూర్చుంది. మా తాతగారు చెప్పిన సంగతి గుర్తొచ్చింది నాకు: వారి చిన్నతనంలో డేరా సినిమాలకు తెర పక్కనే ఒకడు బెత్తం పట్టుకుని నిలబడి కథంతా గొంతెత్తి చెప్పేవాడట, వాడి గొంతు బొంగురుపోయిన రోజున జనం డబ్బులు వెనక్కి ఇమ్మనేవారట.

కథ చిన్నది. ఒకే అబ్బాయి, ఒకే అమ్మాయి, అడ్డం వచ్చే ఒకే బండమనిషి. మారేవి కాలాలు మాత్రమే. గుహల కాలంలో అబ్బాయి ఒక పువ్వు తెస్తే బండవాడు చెట్టునే పెకలించుకుని వస్తాడు. రాజుల కాలంలో వాడు గుర్రమెక్కి వస్తే, వీడి గాడిద రాణివాసం ముందు చతికిలబడి లేవనంటుంది. మధ్యమధ్య తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వచ్చి పోయేవి. నేను కళ్ళు చిట్లించి చదవబోవడం చూశారేమో, మా వారు నా చెవి దగ్గరికి వంగి, "నీ కోసం పూర్తి కవచంతో వచ్చాను, విప్పడం మాత్రం రావడం లేదు అంటున్నాడు" అని చెప్పారు. ఆ తరువాత ప్రతి ముక్కా చెప్పసాగారు, అబ్బాయికి ఒక గొంతు, బండవాడికి ఒక గొంతు పెట్టి మరీ. ముందు వరసలో ఒక ముసలావిడ వెనక్కి తిరిగింది. ఆయన చటుక్కున ఆగిపోయారు. ఆవిడ నవ్వి, ఆపవద్దు, వినడానికి బాగుంది అన్నట్టు చెయ్యి ఊపింది.

కార్ల కాలం వచ్చింది. అబ్బాయి పెళ్ళి మాట అడగడానికి కారులో బయలుదేరతాడు. మలుపు మలుపుకూ ఒక్కో తలుపూ, చక్రమూ ఊడిపోయి, చివరికి స్టీరింగ్ ఒక్కటే చేత్తో పట్టుకుని ఆమె గుమ్మం ముందు దిగి, దాన్నే పూలగుత్తిలా అందిస్తాడు. రోజూ కారు తలుపులు గీసే మా వారికి అది ఎక్కడ తగిలిందో గాని, మొదలుపెట్టిన నవ్వు ఆపలేకపోయారు. కళ్ళజోడు తీసేశారు, కళ్ళు తుడుచుకున్నారు, మళ్ళీ నవ్వారు. నేను తెర చూడటం మానేసి ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. అన్నాళ్ళు ఒకే కప్పు కింద ఉండి, ఆ నవ్వు నేను చూడటం అదే మొదలు.

బయటికి వచ్చాక కారు ఎంతకీ వేడెక్కలేదు. అద్దం మీది మంచు కరిగేదాకా లోపలే కూర్చున్నాం.

"నిన్ను తీసుకొచ్చాక ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు" అన్నారు, అద్దం వైపే చూస్తూ.

"ఇందాక చదివినట్టు చదవండి, చాలు" అన్నాను.

"మరి టికెట్?" అని అడిగారు.

"ఇప్పుడు వద్దులెండి."

ఇంటికి వెళ్ళే దారిలో కనబడిన ప్రతి బోర్డునూ ఆయన తెలుగులో చదివి వినిపించారు. కుడివైపు తిరగరాదు, తాజా గుడ్లు దొరుకును, వంతెన మీద ముందుగా మంచు కట్టును. మరునాడు పాల డబ్బా మీది అక్షరాలు, ఆ మరునాడు కరెంటు బిల్లు. అలా చదివీ చదివీ, ఏ వేసవికో, చదవడానికేమీ లేకపోయినా మాట్లాడటం వచ్చింది మా ఇద్దరికీ.

ఆ థియేటర్ ఇప్పుడు లేదు, మందుల షాపు కట్టారు. మా మనవరాలికి ఆ కుర్రవాడి సంగతి తెలియనిదంటూ లేదు. వాడికి ఏ పాట ఇష్టమో, ఏ కూర పడదో, దేనికి కోపమొస్తుందో, అన్నీ తెలుసుకున్నాకే సరే అంది. అదే మంచిది. మా చెల్లెలు నాలాగే ముక్కూమొహం తెలియని మనిషిని చేసుకుంది, వాళ్ళిద్దరి మధ్య ఆ పరిచయం చివరిదాకా కుదరనే లేదు. కనుక మా కాలమే మేలని నేననను. అయినా, ఒక మనిషి నవ్వు ఎలా ఉంటుందో తెలియకుండానే కాపురానికి వచ్చి, ఒకనాడు పక్కకు తిరిగి హఠాత్తుగా దాన్ని చూడటమంటూ ఒకటి ఉండేది. ఈ పిల్లలకు అది దొరకదు. దొరకాలని కోరుకోవాలో, వద్దనుకోవాలో మాత్రం నాకిప్పటికీ తేలలేదు.